గ్రీన్ బిల్డింగ్‌లో ఆఫీసు కొనబోయేవారికి హెచ్చరిక: ఆ ముద్ర ఏ దశలో ఇచ్చినదో ముందుగా చూసుకోండి

హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో కొత్తగా కట్టిన ఒక వాణిజ్య భవనంలో మా చిన్న సంస్థ కోసం రెండేళ్ల క్రితం ఆఫీసు స్థలం కొన్నాము. కరెంటు ఖర్చు బాగా తగ్గుతుందన్న మాట నమ్మి, చదరపు అడుగుకు పక్క భవనాలకంటే ఎక్కువే చెల్లించాము. బ్రోచర్ మీద గ్రీన్ బిల్డింగ్ ముద్ర ఉంది. అయితే అది ప్రీ-సర్టిఫికేషన్ మాత్రమేనని, అంటే నక్షాలు, డిజైన్ లెక్కలు చూసి ముందుగా ఇచ్చేదని, నిర్మాణం పూర్తయ్యాక తుది ధ్రువపత్రాన్ని విడిగా పొందాలని మాకు అప్పుడు తెలియదు. ఆ తుది పత్రం ఇంతవరకు రాలేదు.

అసలు దెబ్బ అద్దాల దగ్గర తగిలింది. మా ఆఫీసుది పడమటి ముఖం. నేల నుంచి పైకప్పు దాకా అద్దమే. వేసవిలో మధ్యాహ్నం మూడు దాటాక ఆ వైపు ఎవరూ కూర్చోలేరు. బ్లైండ్లు దించి, పట్టపగలు లైట్లు వేసుకుని, ఏసీ పెంచుకుని పని చేస్తున్నాము. భవనాల్లో ఇంధన పొదుపు కోసం కేంద్రం తెచ్చిన 2017 నాటి నియమావళి ఈసీబీసీలో, ఒక్కో భాగానికి నేరుగా హద్దులు పెట్టే నిర్దేశిత పద్ధతి ప్రకారం, మనవంటి వేడి ప్రాంతాల్లో ఉత్తరం మినహా మిగిలిన దిక్కుల అద్దానికి ఎస్‌హెచ్‌జీసీ, అంటే ఎండ వేడిలో లోపలికి చేరే వంతు, 0.27 మించకూడదు, గోడ విస్తీర్ణంలో అద్దం 40 శాతం దాటకూడదు. మాకు చూపిన స్పెసిఫికేషన్‌లో లో-ఇ పూత, అంటే వేడిని వెనక్కి తిప్పే పలుచని పూత, వేసిన రెండు పొరల అద్దం ఉండగా, బిగించినది ఒకే పొర ముదురు రంగు అద్దం. రంగు అద్దం కళ్లకు చల్లగా కనిపిస్తుంది గాని, ఎండను పీల్చుకుని తానే వేడెక్కి, ఆ వేడిలో కొంత లోపలికి వదులుతుంది. బిల్డరును నిలదీస్తే, అగ్రిమెంట్‌లోని 'లేదా తత్సమానమైనది' అన్న రెండు మాటలను చూపించారు. సంతకం పెట్టేటప్పుడు వాటిని చదివినా, వాటి బరువు మాకు తట్టలేదు.

ఎండ వేడిని ఆపేలా కట్టడం మనకు తెలియని విద్యేమీ కాదు. కొండాపూర్‌లోని పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనం నడిమి ముంగిలితో, గాలి ఆడే చిల్లుల జాలీ గోడలతో, పైకప్పు మీద పచ్చికతో 2004 నాటికే సిద్ధమైంది.

ఇంకొక మెలిక ఏసీ బిల్లులో ఉంది. భవనమంతటికీ చల్లదనం ఇచ్చే కేంద్రీయ చిల్లర్ యంత్రం ఖర్చును వాడకాన్ని బట్టి గాక విస్తీర్ణాన్ని బట్టి పంచుతున్నారు. ఒక్కో ఆఫీసు ఎంత చల్లదనం వాడిందో కొలిచే బీటీయూ మీటరు విడిగా లేదు. మేము పొదుపు చేసినా మా బిల్లు తగ్గదు.

కనుక అడ్వాన్సు ఇచ్చే ముందే తుది ధ్రువపత్రాన్ని అడగండి. అది రాకపోతే కొంత సొమ్ము నిలిపి ఉంచే షరతు రాయించుకోండి. అద్దం తయారీదారు, మోడల్, ఎస్‌హెచ్‌జీసీ విలువ అగ్రిమెంట్‌లో అంకెలతో ఉండాలి. 'తత్సమానం' అన్న మాటను కొట్టివేయించండి. స్థలాన్ని ఉదయం పూట గాక, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం నాలుగింటికి వెళ్లి చూడండి. మాకు చూపించినది డిసెంబరులో, ఉదయం పది గంటలకు.