పాత బడా, పక్కనున్న బడా? ఇల్లు పోయిన పిల్లలకు ఏది మేలు?

అమెరికాలో ఇల్లు లేని పిల్లలంటే ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లే అనుకుంటాం. కానీ అక్కడి బడుల లెక్కలో ఇల్లు లేని పిల్లలు ఏటా 10 లక్షలకు పైనే. వాళ్లలో ఎక్కువమంది అద్దె కట్టలేక చుట్టాల ఇంట్లోనో స్నేహితుల ఇంట్లోనో సర్దుకుంటున్నవాళ్లు. మిగతావాళ్లు షెల్టర్లలో, మోటెళ్లలో, కార్లలో ఉంటారు.

1987లో వచ్చి, తర్వాత మెకిన్నీ-వెంటో అన్న పేరుతో స్థిరపడిన చట్టం వీళ్లకు రెండు దారులు చూపింది. ఇల్లు పోకముందు చదివిన బడిలోనే కొనసాగవచ్చు. లేదంటే ఇప్పుడు తల దాచుకున్న చోటికి దగ్గర్లోని బడిలో చేరవచ్చు.

దగ్గరి బడిలో చేరడం కాగితం మీద తేలిక. చిరునామా రుజువు, టీకాల కార్డు, పాత బడి రికార్డులు ఏవీ లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి, కాగితాలు తర్వాత తెప్పించుకోవాలి. అయినా కౌంటర్ దగ్గర మొదటి ప్రశ్న "కరెంటు బిల్లు ఉందా?" అనే వస్తే ఆ తల్లి ఏం చెబుతుంది? పేరు రాయించాక ఇంకో తంటా. పదకొండో తరగతి పిల్ల ఏడాది మధ్యలో మారితే, సగం చదివిన సబ్జెక్టుల క్రెడిట్లు కొత్త బడి లెక్కలో సరిగ్గా కూర్చోకపోవచ్చు.

పాత బడిలో ఆ బాధ లేదు. టీచరుకి పిల్లాడు తెలుసు, పక్క బెంచీలో నేస్తం ఉన్నాడు. కష్టమల్లా బస్సుతోనే. తల్లిదండ్రులు అడిగితే రవాణా ఏర్పాటు చేయాల్సింది బడి యంత్రాంగమే. రెండు డిస్ట్రిక్టుల (బడులను నడిపే స్థానిక విభాగాల) మధ్య ప్రయాణమై ఖర్చు దగ్గర ఒప్పందం కుదరకపోతే చెరి సగం భరించాలి. అంతా బాగానే ఉంది కానీ, ఆరేళ్ల పిల్లాడు చీకట్లో లేచి గంటన్నర బస్సులో ఊగుతూ వెళ్తే, మొదటి పీరియడ్ నిద్రలోనే పోతుంది.

నన్నడిగితే, చాలామందికి పాత బడే మేలు. ఎందుకంటే దగ్గరి బడి "దగ్గర" అన్నది ఆ షెల్టర్‌లో ఉన్నన్నాళ్లే. రెండు నెలలకు అక్కణ్ణుంచి కదిలితే అదీ దూరమే, పిల్లాడికి మళ్లీ మూడో బడి. 2015 సవరణ కూడా, తల్లిదండ్రులు వద్దంటే తప్ప, పాత బడే మేలనుకుని మొదలుపెట్టమంటుంది. మధ్యలో ఇల్లు దొరికినా ఆ విద్యా సంవత్సరం అక్కడే పూర్తి చేయవచ్చు. చిన్నపిల్లలకు ప్రయాణం మరీ ఎక్కువైతే, కుటుంబం అక్కడే కొన్నాళ్లు ఉంటుందన్న నమ్మకముంటే, అప్పుడు దగ్గరి బడికే నా ఓటు.

ఇంకో దారీ ఉండేది: ఇల్లు లేని పిల్లలకోసమే వేరే బడి. ఫీనిక్స్‌లోని పాపాస్ బడి అలాంటిదే, 2008లో మూతపడింది. స్నానం, బట్టలు, వైద్యం అన్నీ ఒకేచోట దొరకడం చిన్న సంగతేం కాదు. కానీ ఆ గేటులోకి వెళ్తే చాలు, పిల్లాడికి ఇల్లు లేదని ఊరికంతా తెలిసిపోతుంది. ఇదే చట్టానికి 2001లో వచ్చిన సవరణ, కొన్ని కౌంటీలకు మినహాయింపునిచ్చి, ఇలా విడదీయడాన్ని నిషేధించింది. సబ్బూ బట్టలూ మామూలు బడిలోనూ ఇవ్వవచ్చు కదా!

ఏ బడి అన్నదాని మీద పేచీ వస్తే అడగాల్సింది డిస్ట్రిక్టు లైజన్‌ని, అంటే ఇల్లు లేని పిల్లల చదువు సంగతి చూసే ఉద్యోగిని. ప్రతి డిస్ట్రిక్టులో ఒకరుండాలి. అడిగిన బడి కుదరదని బడివాళ్లంటే, ఎందుకు కుదరదో రాసివ్వాలి. ఆ పేచీ తేలేదాకా తల్లిదండ్రులు అడిగిన బడిలోనే పిల్లాణ్ణి కూర్చోబెట్టాలి.