దానిమ్మ, నిమ్మ కొమ్మ కోసిన చోట ఏది మేలు: బోర్డో పేస్టా, పసుపు-పేడా, వదిలేయడమా?

పెరటి దానిమ్మకో నిమ్మకో కొమ్మ కోయగానే అందరూ అడిగేది, పైన ఏం పూయాలని. అంతకంటే ముందు కోత ఎక్కడ పడిందో చూడాలి. కొమ్మ కాండాన్ని కలిసే చోట ఉంగరంలా కాస్త ఉబ్బిన మెడ ఉంటుంది. గాయాన్ని మూసే కొత్త బెరడు పుట్టేది అక్కడే. దాన్ని కూడా చెక్కి కాండానికి సమంగా కోస్తే గాయం పెద్దదై ఎంతకీ మూసుకోదు. అలాగని నాలుగు వేళ్ల మోడు వదిలితే అది ఎండి పుచ్చి, పుచ్చు కాండంలోకి దిగుతుంది. మెడ తెగకుండా దాని అంచున కోయాలి.

చెట్టు గాయం మన ఒంటి గాయంలా మానదు. దెబ్బతిన్న భాగాన్ని లోపలే గోడ కట్టి వేరుచేసి, పై నుంచి కొత్త బెరడు కప్పుకుంటుంది. అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో వేల చెట్లను కోసి తేల్చింది ఇదే. పై పూతలు లోపలి పుచ్చును ఆపవని కూడా. అందుకే పొడి వాతావరణంలో, బొటనవేలు లావు లోపు కొమ్మకు ఏమీ పూయకుండా వదిలేయడమే మేలు.

వానలు మొదలయ్యాక లెక్క మారుతుంది. దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులు, నిమ్మలో గజ్జి తెగులు వాన చినుకులతో చిమ్మి పచ్చి గాయంలో దూరతాయి. అసలు ఆ రోజుల్లో కోయకపోవడం మంచిది. గాలికి కొమ్మ విరిగి కోయక తప్పకపోతే రాగి పూత కావాలి. రాగి గాయాన్ని మాన్పదు, తెగులును గుమ్మం దగ్గర ఆపుతుంది, అంతే.

రాగి పూతల్లో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), సున్నం కలిపి చేసే బోర్డో పేస్టుదే పైచేయి, బెరడుకు పట్టి వానకు త్వరగా కడిగిపోదు. పెరటికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం, 100 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. నీళ్లు చెరిసగం చేసి రెండూ విడిగా ప్లాస్టిక్ డబ్బాల్లో కలపండి (ఇనుప గిన్నె వద్దు). తుత్తం నీళ్లను సున్నంలోకి కొంచెం కొంచెంగా పోస్తూ పుల్లతో తిప్పండి. తర్వాత శుభ్రమైన ఇనుప మేకును రెండు నిమిషాలు ముంచి తీయండి. మేకు ఎర్రబారితే రాగి ఇంకా విడిగా ఉన్నట్టు, బెరడు మాడుతుంది. ఇంకొంచెం సున్నం వేసి మళ్లీ చూడండి. సంచిలో ఏళ్లుగా గాలి తగిలిన సున్నంతోనే ఎక్కువగా ఈ పేచీ. ఆ రోజే వాడేయాలి, రేపటికి పనికిరాదు.

ఈ తతంగం వద్దనుకుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడిని పెరుగంత చిక్కగా కలిపి పూయొచ్చు. తేలిక, కానీ వానకు తొందరగా పోతుంది. లీటరుకు 3 గ్రాములన్నది పిచికారీ మోతాదు. అంత పలచన గాయం మీద నిలవదు.

పసుపు కలిపిన పేడ ఖర్చు లేనిదే గానీ, గాయాన్ని తడిగా ఉంచుతుంది, తెగులుకు కావలసిందీ ఆ తడే. తారు, ఆయిల్ పెయింటు మాత్రం వద్దే వద్దు. పైన పొర బిగుస్తుంది, పగుళ్లలోంచి నీరు దిగి కింద పుచ్చుతుంది.

కాయ బరువుకు సగం చీలిన కొమ్మ సంగతి వేరు. బెరడు ఒక పక్క అతికి ఉంటే, అదే రోజు ఎత్తి కలిపి అంటు టేపుతో బిగించి, కింద కర్ర ఊతం పెట్టండి. టేపు కొమ్మలోకి దిగకుండా అప్పుడప్పుడు వదులు చేయాలి. ఆలస్యమై అంచులు ఎండితే అతకదు, కోసేయడమే.

కొమ్మలు కోసే కత్తెర (సికేచర్)ను చెట్టు మారినప్పుడల్లా స్పిరిట్ గుడ్డతో తుడవాలి. ఇక కాండం మొదట్లో బెరడు లేచిపోయిన మొక్కల్లో చాలావాటికి కారణం గడ్డి కోసే మిషను తీగే. కాండం చుట్టూ జానెడు మేర గడ్డి చేత్తో పీకి ఆకులు పరచండి, ఆ ఆకులు కాండానికి తగలకుండా నాలుగు వేళ్లు ఎడం ఉంచండి.