ఎప్పుడూ ఒకే కాంట్రాక్టా, స్టాప్‌ని బట్టి సైజా?

ఫ్యూచర్స్ ట్రేడింగ్‌కి ఓ సంస్థ తన డబ్బుతో ఇచ్చే ఫండెడ్ అకౌంట్ 50,000 డాలర్లదైనా, నష్టపరిమితి 2,000 అయితే మీ చేతిలో ఉన్నది ఆ 2,000 మాత్రమే. సైజు లెక్క, అంటే ఎన్ని కాంట్రాక్టులు తీసుకోవాలన్నది, అక్కడి నుంచే మొదలవ్వాలి.

ఎప్పుడూ ఒక ఈ-మినీ ఎస్ అండ్ పీ (అమెరికా ఎస్ అండ్ పీ 500 సూచీ ఫ్యూచర్స్) కాంట్రాక్టే తీసుకోవడం సులువు. కానీ పాయింటుకు 50 డాలర్లు. స్టాప్ (నష్టం అక్కడికి చేరితే ట్రేడ్ మూసేసే హద్దు) 8 పాయింట్లయితే 400 పోతుంది. మార్కెట్ ఊగిపోతూ 20 పాయింట్లు పెట్టాల్సి వస్తే 1,000. ఒక్క ట్రేడ్‌లో సగం పరిమితి ఖాళీ!

రెండో పద్ధతిలో ముందే రిస్క్ ఖాయం చేసుకుంటాం, ట్రేడ్‌కి 200 అనుకోండి. ఈ-మినీలో పదో వంతు ఉండే మైక్రో కాంట్రాక్టులో పాయింటుకు 5 డాలర్లే కాబట్టి 8 పాయింట్ల స్టాప్‌కి 5 మైక్రోలు, 20 పాయింట్లకి 2. కమిషన్ కాస్త ఎక్కువ పడుతుంది, నిజమే. అయినా నా ఓటు దీనికే. ట్రెయిలింగ్ డ్రాడౌన్ ఉంటే మరీనూ: లాభంతో పాటు పైకి జరిగిన ఆ నష్టపరిమితి గీత మళ్లీ కిందికి దిగదు.