ఫొటో మెకానిక్: స్పోర్ట్స్ ఫొటోగ్రఫీతో బతకాలనుకుంటే లెన్స్ తర్వాత చూడాల్సింది ఇదే

ఈ ఫీల్డ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్లంతా 400 ఎంఎం ఎఫ్/2.8 లెన్స్ కొనాలా, 70-200 జూమ్ లెన్స్‌తో నెట్టుకురావచ్చా అని అడుగుతారు. తీసిన ఫొటో పత్రికలోనో ఏజెన్సీలోనో ఫొటోలు ఎంచే డెస్క్‌కి ఎలా చేరుతుందని మాత్రం ఎవరూ అడగరు. మీకు పని మళ్లీ వస్తుందా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది, ఎందుకంటే గోల్ పడిన కాసేపటికే వెబ్‌సైట్‌కి ఫొటో కావాలి, మీదెంత గొప్ప ఫ్రేమ్ అయినా పక్కవాడిది ముందు చేరితే వాడిదే పెట్టేస్తారు.

ఆ చేర్చే పనిని వేగంగా చేసిపెట్టే కంప్యూటర్ సాఫ్ట్‌వేరే ఫొటో మెకానిక్, దీన్ని కెమెరా బిట్స్ అనే కంపెనీ 1998లో తెచ్చింది. ఇది ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కాదు, ఆ ఆశతో కొంటే డబ్బు దండగ. కార్డులోంచి ఫొటోలు దించడం, ఏరడం, క్యాప్షన్ రాయడం, ఎఫ్‌టీపీలో (నెట్ ద్వారా నేరుగా డెస్క్ సర్వర్‌కి ఫైళ్లు పంపే పద్ధతి) పంపడం, దీని పని ఇంతే. కానీ సెకనుకి 20 ఫ్రేములు కొట్టే కెమెరాతో ఒక్క కార్నర్ కిక్‌కే వంద ఫొటోలు పడతాయి, వాటిలోంచి పనికొచ్చేది పట్టుకోవాలంటే బాణం కీ నొక్కగానే తర్వాతి ఫొటో స్పష్టంగా కనబడాలి. రా ఫైల్‌లో (కెమెరా సెన్సర్ ఇచ్చే అసలు డేటా ఫైల్) కెమెరా దాచిపెట్టే జేపెగ్ ప్రివ్యూనే ఇది తీసి చూపిస్తుంది కాబట్టి ఆ వేగం వస్తుంది. ఇంకో సుఖం, మ్యాచ్ మధ్యలో కెమెరాలో లాక్ చేసుకున్న ఫ్రేముల్ని మాత్రమే ముందు దించుకోవచ్చు. హాఫ్‌టైమ్ 15 నిమిషాల్లో అంతకంటే ఏం కావాలి?

నాకు మాత్రం అసలు సరుకు కోడ్ రీప్లేస్‌మెంట్. మ్యాచ్‌కి ముందే ఒక టెక్స్ట్ ఫైల్‌లో రెండు జట్ల జాబితా పెట్టుకుంటారు, ఒక్కో లైన్‌లో కోడ్, ట్యాబ్, ఆటగాడి పూర్తి పేరు. తర్వాత క్యాప్షన్‌లో రెండు గుర్తుల మధ్య హెచ్7 అని కొడితే హోమ్ జట్టు 7వ నంబర్ ఆటగాడి పేరు స్పెల్లింగ్‌తో సహా పడిపోతుంది. ఫొటోగ్రాఫర్ పేరు, కాపీరైట్, వేదిక, తేదీ అన్నీ ఒకసారి టెంప్లేట్‌లో పెడితే దించేటప్పుడే ప్రతి ఫైల్‌లోకీ ఎక్కేస్తాయి. ఒకటే జాగ్రత్త, జాబితాలో నంబర్ తప్పుంటే ఇది కూడా అంతే వేగంగా తప్పు పేరు రాసిపెడుతుంది, దానికి ఆట తెలియదు కదా. చివరి నిమిషంలో జట్టు మారితే ఫైల్ మీరే సరిచూసుకోవాలి. పెనుగులాటలో జెర్సీ నంబర్ కనబడకపోతే ముందూ వెనకా ఫ్రేములు చూసి పోల్చుకోవాల్సిందే.

చూడ్డానికి పాతకాలం ప్రోగ్రామ్‌లా ఉంటుంది, మెనూల నిండా ఆప్షన్లే, మొదట్లో తల తిరుగుతుంది. మ్యాచ్ రోజు కాదు, అంతకుముందే ఇంట్లో ఎఫ్‌టీపీ సెట్టింగ్‌తో సహా అన్నీ పెట్టుకుని పాత ఫొటోలతో ఒక రౌండ్ వేసి చూడండి, లేకపోతే గ్రౌండ్‌లో టెన్షన్ తప్పదు.

ఫొటోలు తీరిగ్గా మర్నాడు ఇచ్చేవాళ్లకి ఇది అక్కర్లేదు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ చాలు. ఏజెన్సీకో పత్రికకో లైవ్‌లో పంపాలంటే మాత్రం కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. నా రేటింగ్ అయిదుకి నాలుగు. ఒకటి ఎందుకు కోశానంటే ధర తక్కువేం కాదు, పైగా రంగులు సరిచేయడానికి ఇంకో సాఫ్ట్‌వేర్‌కి విడిగా కట్టాలి, లెన్స్ అప్పే తీరని కొత్తవాళ్లకి రెండూ ఒకేసారి అంటే భారమే.