‘5.1 సరౌండ్’ అని రాసిన హెచ్‌డీఎంఐ-ఆప్టికల్ బాక్స్ కొనే ముందు ఒక్కసారి ఇది చదవండి

ఇంట్లో కంప్యూటర్ నుంచి పాత హోమ్ థియేటర్ ఆంప్‌కి (ఆంప్లిఫయర్‌కి) 5.1 సౌండ్, అంటే ఐదు స్పీకర్లకీ ఒక సబ్‌వూఫర్‌కీ (బేస్ పెట్టెకి) వేర్వేరు ఛానళ్లలో వెళ్లే సౌండ్, తెచ్చుకుందామని ఆన్‌లైన్‌లో వెతికితే ముందుగా కనిపించేది అరచేతిలో పట్టేంత నల్ల బాక్స్. ఒక పక్క హెచ్‌డీఎంఐ గుచ్చాలి, ఇంకో పక్క నుంచి ఆప్టికల్ వైరు ఆంప్‌కి వెళ్తుంది, ఫొటో మీద పెద్ద పెద్ద అక్షరాలతో ‘5.1 సరౌండ్’ అని ఉంటుంది. దయచేసి ఆ అక్షరాలు చూసి డబ్బు కట్టకండి. నేను 2,350 రూపాయలు కట్టాను, అది చాలదన్నట్టు దాని వెనకాలే ఇంకో 700 పెట్టి రెండో తప్పు కూడా చేశాను. మూడు వారాల సాయంత్రాలు పోయాయి. చివరికి పని జరిగింది 450 రూపాయల వైర్లతో.

నా దగ్గరున్న ఆంప్ మా మేనమామ 2007లో దుబాయ్ నుంచి వస్తూ తెచ్చింది. పది కేజీల పైనే ఉంటుంది, బట్టలు తగ్గించుకుని మరీ లగేజీలో పెట్టుకొచ్చాడు. ఇల్లు మారేటప్పుడు ‘నువ్వు వాడుకోరా, దీన్ని అమ్మబుద్ధి కావట్లేదు’ అని ఐదు స్పీకర్లు, సబ్‌వూఫర్‌తో సహా నాకిచ్చాడు. సౌండ్ ఇప్పటికీ అద్భుతంగా ఉంటుంది. వెనక హెచ్‌డీఎంఐ మాత్రం లేదు. ఆప్టికల్ ఉంది, కోయాక్సియల్ (డిజిటల్ సౌండ్‌నే మామూలు తీగ మీద తీసుకునేది) ఉంది, ఆర్‌సీఏ పిన్నుల వరసలున్నాయి. నా కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డుకి హెచ్‌డీఎంఐ ఉంది కాబట్టి మధ్యలో ఆ బాక్స్ పెడితే సరిపోతుందనుకున్నాను.

మొదటి రోజు పెట్టగానే అన్ని స్పీకర్లూ మోగాయి. చాలామంది మోసపోయేది ఇక్కడే. అన్ని స్పీకర్లూ మోగినంత మాత్రాన అది 5.1 కాదు. ఆంప్‌కి రెండు ఛానళ్ల స్టీరియో వచ్చినా, లోపలున్న మోడ్‌ని బట్టి అదే సౌండ్‌ని ఐదు స్పీకర్లకీ పంచేస్తుంది. ఆ సంతోషంలోనే పది రోజులు సినిమాలు చూశాను. పదకొండో రోజు మా అక్క కొడుకు వచ్చి సోఫాలో కూర్చుని, ‘మామయ్యా, వాళ్లు ముందు మాట్లాడుతుంటే మాటలు మన వీపు వెనక నుంచి కూడా వస్తున్నాయేంటి?’ అని అడిగాడు. అప్పుడు లేచి ఆంప్ డిస్‌ప్లే దగ్గరికెళ్లి చూశాను. డాల్బీ గుర్తు వెలగాల్సిన చోట చీకటి. దాని పక్కన ‘పీసీఎం’ (కుదించని సౌండ్ అని అర్థం), కింద ‘మల్టీ ఛానల్ స్టీరియో’. విండోస్‌లో సౌండ్ సెట్టింగుల్లోకి వెళ్లి స్పీకర్ టెస్ట్ పెడితే ఉన్నవి రెండే, ఎడమ, కుడి. వెనక స్పీకర్ల బొమ్మే లేదు.

బాక్స్‌కి పక్కన ఒక చిన్న స్విచ్ ఉంది, ‘టీవీ’, ‘2’, ‘5.1’ అని మూడు చోట్ల ఆగుతుంది. నాది టీవీ మీద ఉంది. అంటే కంప్యూటర్ ‘అవతల ఎన్ని ఛానళ్లు పడతాయి’ అని అడిగితే, బాక్స్ టీవీ జవాబునే తిప్పి చెప్తోంది. టీవీకి రెండే కాబట్టి కంప్యూటర్ రెండే పంపింది. సరే అని స్విచ్ 5.1కి జరిపాను. విండోస్‌లో వెంటనే ఆరు స్పీకర్ల బొమ్మ వచ్చింది, నాకు ప్రాణం లేచొచ్చింది. సినిమా పెట్టాను. నేపథ్య సంగీతం వినిపిస్తోంది, వర్షం వినిపిస్తోంది, తలుపు చప్పుడు వినిపిస్తోంది, మనుషుల మాటలు మాత్రం లేవు. పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు. మాటలుండేది సెంటర్ ఛానల్‌లో. కంప్యూటర్ ఆరు ఛానళ్లు పంపితే బాక్స్ అందులో ముందున్న ఎడమ, కుడి రెండిటినే ఆప్టికల్‌లోకి వదిలి, మిగతా నాలుగూ పారేసింది.

దీనికి కారణం ఒక్క బాక్స్ నాసిరకమని కాదు. ఆప్టికల్ పద్ధతే అలాంటిది, అదే మనకి ఎవరూ చెప్పరు. ఆప్టికల్ అయినా కోయాక్సియల్ అయినా కుదించని సౌండ్‌ని రెండు ఛానళ్ల వరకే మోస్తాయి. లెక్క వేస్తే, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ స్టీరియోకి సెకనుకి సుమారు 15 లక్షల బిట్లు, అదే ఆరు ఛానళ్లయితే 46 లక్షలు. ఆ దారి కట్టింది రెండు ఛానళ్ల కోసం. ఆరు ఛానళ్లు దాంట్లోంచి వెళ్లాలంటే ముందే డాల్బీ డిజిటల్‌గానో డీటీఎస్‌గానో కుదించి ఉండాలి. డాల్బీ డిజిటల్ ఎంత ఎక్కువైనా సెకనుకి 640 కిలోబిట్లు, డీవీడీల్లో 448 వరకు, కాబట్టి హాయిగా పడుతుంది. అందుకే అదే బాక్స్‌తో, డాల్బీ డిజిటల్ ట్రాక్ ఉన్న ఒక పాత డీవీడీ పెట్టి, వీఎల్‌సీ ప్లేయర్‌లో పాస్‌త్రూ (కుదించిన ట్రాక్‌ని విప్పకుండా ఉన్నదున్నట్టు పంపే సెట్టింగ్) ఆన్ చేస్తే, డిస్‌ప్లేలో డాల్బీ గుర్తు టక్కున వెలిగింది, వెనక స్పీకర్లు వాటి పని అవి చేశాయి. అంటే అమ్మినవాడు రాసింది పూర్తి అబద్ధం కాదు, అదే ఎక్కువ బాధ. గేములకి 5.1 రాదు, బ్రౌజర్‌లో ఆడే వీడియోలకి రాదు, కొత్త ఫైళ్లలో ఎక్కువగా ఉండే డాల్బీ డిజిటల్ ప్లస్‌కి కూడా రాదు. ఆ సంగతి పేజీలో ఒక్క లైను రాస్తే నేను కొనేవాణ్నే కాదు.

అమ్మినవాళ్లకి రాస్తే వచ్చిన జవాబు, ‘సౌండ్ వస్తోంది కద సార్, ప్రోడక్ట్ వర్కింగ్‌లోనే ఉంది’. వాపసు గడువు 7 రోజులు, నేను కనిపెట్టింది పదకొండో రోజున. మూడుసార్లు చాట్ చేశాను, ముగ్గురు మనుషులు, మూడుసార్లూ మొదటి నుంచి కథ చెప్పాలి, చివర్లో మళ్లీ అదే మాట.

ఆ కోపంలో, టెన్షన్‌లో రెండో తప్పు చేశాను. ‘7.1 యూఎస్‌బీ సౌండ్ కార్డ్’ అని 700కి ఒకటి తెప్పించాను. చూస్తే బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, ఒక హెడ్‌ఫోన్ జాక్, ఒక మైక్ జాక్. ఒక్క జాక్‌లోంచి వెళ్లేది ఎడమ, కుడి, అంతే. ఎనిమిది ఛానళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? హెడ్‌ఫోన్‌లో చుట్టూ వినిపిస్తున్నట్టు అనిపించేలా చేసే సాఫ్ట్‌వేర్‌ని 7.1 అని అమ్ముతున్నారు. నిజంగా 5.1 ఇచ్చే యూఎస్‌బీ కార్డులున్నాయి, వాటికి మూడు అవుట్‌పుట్ జాక్‌లైనా ఉంటాయి. కొనేముందు ఫొటోలో జాక్‌లు లెక్కపెట్టండి.

చివరికి దారి చూపించింది మా వీధిలో ఆంప్‌లు రిపేరు చేసే అన్న. ఇంటికి వచ్చి టార్చి వేసి ఆంప్ వెనక చూసి, ‘తమ్ముడూ, మల్టీ ఛానల్ ఇన్ అని ఆరు పిన్నులున్నాయి చూడు, ఇవి ఎందుకు వాడట్లేదు?’ అన్నాడు. ఆ కాలం ఆంప్‌లలో చాలావాటికి ఇవి ఉంటాయి, అప్పటి డీవీడీ ఆడియో, ఎస్‌ఏసీడీ అనే పాటల డిస్కుల ప్లేయర్ల కోసం పెట్టినవి. ఇటు నా మదర్‌బోర్డు వెనక రంగు రంగుల జాక్‌లున్నాయి: ఆకుపచ్చది ముందు స్పీకర్లకి, నల్లది వెనక వాటికి, నారింజది సెంటర్‌కీ సబ్‌వూఫర్‌కీ. ఒక పక్క 3.5 ఎంఎం, ఇంకో పక్క రెండు ఆర్‌సీఏ పిన్నులుండే వైర్లు మూడు, ఒక్కోటి 150. అంతే. మూడే జాక్‌లున్న బోర్డు అయితే చాలావాటిలో సెట్టింగ్ మార్చి నీలం, గులాబీ జాక్‌లని కూడా అవుట్‌పుట్‌గా వాడుకోవచ్చు.

మొదట పెట్టినప్పుడు మాటలు సబ్‌వూఫర్‌లోంచి గుర్రుమంటూ వచ్చాయి, కంగారు పడకండి, నారింజ వైరు చివర రెండు పిన్నులూ తారుమారు చేస్తే సరిపోతుంది. ఇంకోటి, ఈ ఆరు పిన్నుల దారిలో వచ్చిన సౌండ్‌ని చాలా ఆంప్‌లు ముట్టుకోవు, చిన్న స్పీకర్ల బేస్‌ని సబ్‌కి మళ్లించవు. ఆ పని విండోస్‌లోనో సౌండ్ డ్రైవర్‌లోనో చేసుకోవాలి.

ఆంప్‌కి ఆరు పిన్నులు లేక ఆప్టికల్ ఒక్కటే ఉంటే, సౌండ్ కార్డ్ వివరాల్లో ‘డాల్బీ డిజిటల్ లైవ్’ లేదా ‘డీటీఎస్ కనెక్ట్’ అనే పేరు ఉందో లేదో చూసి కొనండి, గేమ్ సౌండ్‌ని అప్పటికప్పుడు కుదించి పంపేవి అవే. ఉత్త ‘ఆప్టికల్ అవుట్’ అని ఉంటే చాలదు. ఆంప్‌కే హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉండి, అది సౌండ్ కూడా తీసుకునేదైతే ఏ బాక్సూ వద్దు. గ్రాఫిక్స్ కార్డు నుంచి నేరుగా ఆంప్‌కి, ఆంప్ నుంచి టీవీకి. హెచ్‌డీఎంఐ ఎనిమిది ఛానళ్లని కూడా కుదించకుండానే మోస్తుంది.

ఏది తెప్పించినా వచ్చిన రోజే విండోస్ స్పీకర్ టెస్ట్ పెట్టి, ఒక్కో స్పీకర్ దగ్గరికి నడిచి వెళ్లి చెవి పెట్టి వినండి, నాలాగా పది రోజులు ఆగకండి. అమ్మే పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. నేను 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేసినప్పుడు నా చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే. ఫిర్యాదు వెళ్లాక అమ్మినవాళ్లే ఫోన్ చేసి సగం డబ్బు వెనక్కి ఇస్తామన్నారు, తీసుకున్నాను. నిన్న రాత్రి మళ్లీ వెతికి చూస్తే అదే బాక్స్, అవే ఫొటోలు, ఇంకో పేరుతో 1,899కి పెట్టి ఉంది. ‘5.1 సరౌండ్’ అక్షరాలు ఇప్పుడు ఇంకా పెద్దవి చేశారు.