నల్ల రంగు పూసిన మహాగనీ పెట్టె: పాత .44 మాగ్నం పెట్టెలు కొంటున్నవారికి హెచ్చరిక

అమెరికా తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ పాత రివాల్వర్లకు ఫ్యాక్టరీ ప్రెజెంటేషన్ పెట్టెలు (తుపాకీ ఒదిగేలా మలిచి కంపెనీ ఇచ్చే పెట్టెలు) వెతికి తెచ్చిపెడతానని మన తెలుగువాళ్ల మధ్య తిరిగే పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు కనుక ఆయన పేరు రాయవలసిన పనిలేదు, రాయను కూడా. ఆయనకు డబ్బు పంపడానికి సిద్ధంగా ఉన్నవారు మాత్రం ఇది చదివిన తర్వాతే పంపండి. 1956 నాటి నల్ల పెట్టె అని చెప్పి ఆయన నాకు అమ్మినది, 1979కి ముందు .44 మాగ్నం కోసం తయారై ఉండడానికి వీల్లేని మహాగనీ (ఎర్ర చెక్క) పెట్టె. దానికి పైనుంచి నల్ల రంగు పూశారు. ఆ రంగుకు నేను చెల్లించిన వెల 850 డాలర్లు.

సంగతి క్లుప్తంగా చెబుతాను. నా దగ్గర ఆరున్నర అంగుళాల బ్యారెల్ (గొట్టం) ఉన్న తొలినాటి .44 మాగ్నం రివాల్వర్ ఉంది. కంపెనీ 1957లో మోడల్ నంబర్లు ప్రవేశపెట్టి దీనికి 29 అనే సంఖ్య ఇవ్వకముందు తయారైన తుపాకీ అది. అది స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని కంపెనీ ఫ్యాక్టరీ నుంచి ఏ తేదీన, ఏ వ్యాపారికి వెళ్లిందో తెలిపే ఉత్తరాన్ని స్మిత్ అండ్ వెస్సన్ హిస్టారికల్ ఫౌండేషన్ నుంచి తెప్పించుకున్నాను. లేనిదల్లా పెట్టె ఒక్కటే. మొదటి సంవత్సరాల్లో ఈ రివాల్వర్లు నల్లటి చెక్క పెట్టెల్లో వచ్చేవి, మహాగనీ పెట్టెలు ఆ తర్వాతివి. తుపాకీని ప్రాణంగా చూసుకున్న ఇళ్లలో కూడా పెట్టెను గ్యారేజీలోకి నెట్టి మేకులూ మరలూ వేసుకున్నారు కనుక నల్లవి అరుదైపోయాయి. మహాగనీవి మాత్రం ఏ గన్ షోకు వెళ్లినా కనిపిస్తాయి. రెండింటి ధరల్లో ఉన్న ఆ తేడాయే ఈ వ్యాపారానికి పెట్టుబడి అని ఇప్పుడు అర్థమైంది.

ఇందులో మరొక చిక్కు కూడా ఉంది. ఈ కంపెనీ అట్టపెట్టెల అడుగున ఫ్యాక్టరీలో గ్రీజు పెన్సిల్‌తో తుపాకీ సీరియల్ నంబర్ రాసేవారు కనుక ఏ పెట్టె ఏ తుపాకీదో పోల్చుకోవడానికి ఒక ఆధారం మిగులుతుంది. చెక్క పెట్టెకు అంత తేలికైన ఆధారం దొరకదు. పైగా వేరే రాష్ట్రం నుంచి రివాల్వర్ కొంటే అది లైసెన్స్ ఉన్న డీలర్ చేతిమీదుగానే మనకు అందాలి కనుక ఆ డీలర్ కౌంటరు దగ్గరే నిలబడి తీరిగ్గా పరీక్షించుకోవచ్చు. ఖాళీ పెట్టె ఆయుధం కాదు, కొయ్య సామాను మాత్రమే, కాబట్టి అది తిన్నగా మన గుమ్మంలో దిగుతుంది. అప్పటికి డబ్బు అవతలివాడి ఖాతాలో ఉంటుంది.

డబ్బు పంపకముందు నేను ఒక్కటే అడిగాను. లోపల తుపాకీ ఒదిగే పల్లంలో, బ్యారెల్ ఆనే చోట కొలత టేపు పెట్టి ఒక ఫొటో తీసి పంపమన్నాను. దానికి ఆయన ఫోనులో నవ్వి, "అన్నా, మన మధ్య టేపులెందుకు? మీ తుపాకీ కోసమే పుట్టిన పెట్టె ఇది" అన్నాడు. ఆ "అన్నా"కు నేను కరిగిపోయాను. కొనుగోలుదారుకు రక్షణ ఉండే పద్ధతిలో కాకుండా, స్నేహితులకు పంపుకునే పద్ధతిలో పంపితే ఫీజు మిగులుతుందని ఆయన సలహా ఇస్తే అది కూడా శిరసావహించాను. మిగిలిన ఫీజు ఎంతో లెక్క వేయలేదు కానీ, పోయినదాని లెక్క బాగా తెలుసు.

పెట్టె వచ్చింది. తుపాకీని అందులో పెడితే పిడి, సిలిండర్ తమ పల్లాల్లో కూర్చున్నాయి కానీ బ్యారెల్ కొస మాత్రం అంచుమీదికి ఎక్కి నిలబడింది, మూత పడలేదు. టేపు పెట్టి చూస్తే తేడా సరిగ్గా అర అంగుళం. ఈ అర అంగుళానికి ఒక తేదీ ఉంది. కంపెనీ .44 మాగ్నంకు ఆరున్నర అంగుళాల బ్యారెల్‌ను ఆపి ఆరు అంగుళాలది పెట్టినది 1979లో. అంటే ఆరు అంగుళాల బ్యారెల్ కోసం మలిచిన ఈ పెట్టె, 1956లో ఫ్యాక్టరీ దాటిన నా తుపాకీని తయారైనప్పుడు చూసి ఉండే అవకాశమే లేదు.

ఈ మాట చెబుదామని ఫోన్ చేశాను. పొరపాటున మారిపోయింది, వెనక్కి పంపండి అంటాడని ఇంకా ఆశ ఉండేది. ఆయన అన్న మాటలు ఇవి: "అర అంగుళమే కదండీ, లోపల బ్లేడుతో కాస్త చెక్కుకోండి. పైన మఖమల్ అతికించేస్తే ఎవరికి తెలుస్తుంది?" చెప్పు ఇరుకైందంటే కాలివేళ్లు చెక్కుకోమన్నట్టుంది ఆ సలహా. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది మాత్రం చివరి నాలుగైదు పదాలు. ఎవరికి తెలుస్తుంది అట! ఒక మర ఏ ఏడు తీసేశారో, పిడి ఆకారం ఎప్పుడు మారిందో, పెట్టె లోపలి గుడ్డ ఎప్పటిదో తెలుసుకోవడానికే కదా మనం ఈ వ్యసనంలో పడ్డది? తెలియకపోతే చాలు అనుకునేవాడు వడ్రంగి దగ్గర కొత్త పెట్టె చేయించుకోడా? ఆ ఒక్క ప్రశ్నతో ఆయన తన పద్ధతి మొత్తం తానే చెప్పేశాడు. ఇదే ప్రశ్న మనసులో వేసుకుని ఇప్పటిదాకా ఎన్ని పెట్టెలు సాగనంపాడో అన్న ఆలోచన నాకు ఆ క్షణంలోనే వచ్చింది. నేను డబ్బు వెనక్కి అడిగేసరికి "అన్నా" కాస్తా "మిస్టర్" అయింది. "మీకు పెట్టెల గురించి ఏమీ తెలియదని ముందే తెలిస్తే అమ్మేవాణ్ణే కాదు" అని ఫోన్ పెట్టేశాడు. అది నిజమే కావచ్చు, తెలిసినవాళ్లకు ఆయన ఇలాంటివి అమ్మలేడు.

అప్పుడు కోపం కొద్దీ స్క్రూడ్రైవర్ తీసుకుని మూత బందులు ఊడదీశాను. ఇత్తడి రేకు కింద, రంగు చేరని చోట, ఎర్రటి మహాగనీ తాజాగా మెరుస్తోంది. స్క్రూ తలల గాడుల్లో నల్ల రంగు పేరుకుపోయి ఉంది. ఫ్యాక్టరీలో చెక్కకు రంగు వేసి ఆరిన తర్వాత బందులు బిగిస్తారు కానీ, బందులతో కలిపి పెట్టెకు పులమరు. "అసలు కాగితం కూడా ఉంది అన్నా" అని ఆయన గొప్పగా జతచేసి పంపిన సూచనల కాగితం ఇంకా ముచ్చటగా ఉంది. దానిమీద స్ప్రింగ్‌ఫీల్డ్ చిరునామా పక్కన ఐదంకెల జిప్ కోడ్ (మన పిన్‌కోడ్ లాంటిది) అచ్చయి ఉంది. అమెరికా తపాలా శాఖ జిప్ కోడ్లు మొదలుపెట్టినది 1963 జులై 1న. మన పెద్దమనిషి లెక్కలో ఆ ఫ్యాక్టరీవాళ్లు ఏడేళ్ల ముందే దివ్యదృష్టితో దాన్ని అచ్చువేయించుకున్నారన్నమాట.

ఇక కొనబోయేవారు చేయవలసినది పెద్దగా ఏమీ లేదు. పల్లంలో టేపు పెట్టిన ఫొటో, ఒక బందు విప్పిన చోట చెక్క ఫొటో అడగండి, ఇవ్వనంటే వదిలేయండి. కాగితాలుంటే చిరునామా చదవండి. రక్షణ లేని పద్ధతిలో డబ్బు పంపకండి, ఫీజు మీరే భరిస్తామని చెప్పండి.

ఈ హడావిడి ఎందుకంటే, ఆయన ఇప్పుడు రెండవ ప్రపంచ యుద్ధానికి ముందరి .357 మాగ్నం అట్టపెట్టె ఒకటి అమ్మకానికి పెట్టాడని నిన్న విన్నాను. ఆ రివాల్వర్ 1935లో వచ్చింది. మొదట్లో ప్రతిదానికీ కంపెనీ విడిగా రిజిస్ట్రేషన్ నంబర్ ఇచ్చేది, ఒకటో నంబరుది ఎఫ్‌బీఐ అధిపతి జె. ఎడ్గార్ హూవర్‌కు వెళ్లింది. అలాంటి తుపాకీ పెట్టె అంటే ధర ఏ స్థాయిలో ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. దాన్ని చూడబోయేవారు చిన్న అతినీలలోహిత దీపం వెంట తీసుకువెళ్లి చీకటి గదిలో దాని లేబుల్ మీద వేయండి. కాగితానికి తెల్లదనం తెచ్చే మెరుపు రసాయనాలు యుద్ధం తర్వాతే వాడుకలోకి వచ్చాయి కనుక లేబుల్ నీలంగా వెలిగితే అది 1930ల నాటిది కాదు. అడుగున గ్రీజు పెన్సిల్ నంబర్ ఉంటే వేలితో తాకకుండా భూతద్దంతో చూడండి.

ఇంతకుముందే ఆయన దగ్గర నల్ల పెట్టెలు కొన్నవారు ఉంటే, ఈ రాత్రికే ఒక బందు విప్పి చూసుకోండి. కార్డు ద్వారా చెల్లించినవారికి ఫిర్యాదు గడువు ఇంకా మిగిలి ఉండవచ్చు. ఎర్ర చెక్క కనిపించినవారు ఫొటోలు నాకు పంపితే నా ఫిర్యాదుతో కలిపి పెడతాను.