ఎంఏ చరిత్రకు కేయూ మేలా, ఓయూ మేలా?

ములుగు, పరకాల, భూపాలపల్లి వైపు డిగ్రీ పూర్తిచేసి ఎంఏ చరిత్ర చదవాలనుకునే పిల్లలకు పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో ర్యాంకు రాగానే ఒకటే సందేహం: వెబ్ ఆప్షన్లలో ముందు ఏది పెట్టాలి, కాకతీయ విశ్వవిద్యాలయమా (కేయూ), ఉస్మానియానా (ఓయూ)? చాలామంది పేరు చూసి ఉస్మానియా పెట్టేస్తారు. ఆ తొందర వద్దంటాను.

పేరు పెద్దదే. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం అది. 1938లో వందేమాతరం పాడినందుకు అక్కడి నుంచి బహిష్కృతులైన విద్యార్థులు నాగపూర్ వెళ్లి చదువు కొనసాగించారు. మన వంగర పి.వి. నరసింహారావు కూడా వారిలో ఒకరు. కేయూ వయసులో చిన్నది. వరంగల్‌లో ఉన్న ఓయూ పీజీ సెంటరే 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైంది. తెలంగాణ ఉద్యమంలో మాత్రం ఏ క్యాంపస్సూ రెండోదానికి తీసిపోలేదు.

అయితే చరిత్ర విద్యార్థికి భవనం వయసు కన్నా ఆధారాలు ఎంత దగ్గరున్నాయన్నదే ముఖ్యం. కేయూ హాస్టల్లో ఉంటే వేయిస్తంభాల గుడికి ఆటోలో వెళ్లిరావచ్చు. అక్కడ 1163 నాటి కాకతీయ రాజు రుద్రదేవుడి శాసనం ఉంది. పుస్తకంలో అచ్చువేసిన పాఠం చదవడం వేరు, రాతి ముందు నిలబడి ఒక్కొక్క అక్షరం పోల్చుకోవడం వేరు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడితే చెక్కడపు గీతలు తేటగా కనిపిస్తాయి, నడిమధ్యాహ్నం అదే రాయి చదునుగా తోస్తుంది. ఇది రోజూ వెళ్లగలిగేవారికే పట్టుబడే విద్య. ఆదివారం బస్సెక్కితే 1213 నాటి రామప్ప గుడి, గణపతిదేవుడి సోదరి మైలాంబ తవ్వించిన బయ్యారం చెరువు. కాకతీయుల వంశక్రమం తెలిపే శాసనం అక్కడిదే. ఇంత పాఠశాల హైదరాబాదులో దొరకదు.

నిజాం పాలన, జాగీర్లు, రైతాంగ పోరాటం మీద పనిచేయాలనుకుంటే మాత్రం నా సలహా తిరగబడుతుంది. రాష్ట్ర ఆర్కైవ్స్ ఓయూ పక్కనే, తార్నాకలో ఉంది. ఆ ఫార్సీ, ఉర్దూ దస్త్రాలకు వరంగల్‌లో సాటి లేదు.

ఖర్చు సంగతీ చూసుకోవాలి. హాస్టల్ సీటు రాకపోతే నగరంలో గది అద్దె భారమే. హనుమకొండలో ఉంటే శనివారం సాయంత్రం ఊరి బస్సు దొరుకుతుంది.

కాకతీయుల కాలం మీద ఆసక్తి ఉంటే కేయూనే మొదటి ఆప్షన్‌గా పెట్టండి. ఉర్దూ చదవడం వచ్చినా, నేర్చుకునే ఓపిక ఉన్నా ఓయూ పెట్టండి.